సగం వేసిన కన్ను

రంగుల దుకాణం వెనక గది,
జూన్ మొదటి వారం

అత్తయ్యకు,

నేను ఎలా ఉన్నానో ఈ ఉత్తరం పూర్తయ్యేసరికి నీకే తెలుస్తుంది కాబట్టి క్షేమ సమాచారాలు పక్కన పెడుతున్నాను. ఒక్క మాటకు జవాబు కావాలి. అమ్మ ఆ పిల్ల చేతికి కుంచె ఇచ్చిందట, నిజమేనా?

మన వీధి చివర కళ్ళజోళ్ళ షాపాయన ఇక్కడ ఇంకో షాపు తెరుస్తున్నాడు. గోడల రంగు కోసం నిన్న మా కౌంటరు దగ్గరికే వచ్చాడు. నన్ను చూసి ఒకటే సంబరం. "మీ అమ్మగారి దగ్గర కొత్తమ్మాయి భలే వేస్తోందమ్మా కళ్ళు! మొన్న ఒకాయన వస్తే, ఏది దేవుడిచ్చిందో ఏది మీవాళ్ళు పెట్టిందో నాకే తెలీలేదు" అన్నాడు. నేను ఆ సమయంలో ఎవరి పడకగదికో లేత పసుపు కలుపుతున్నాను. ఒక చుక్క నలుపు పడాల్సిన చోట ఎన్ని పడ్డాయో తెలియదు. డబ్బా మూత తీసి చూస్తే మురుగునీళ్ళ రంగు. మా యజమాని చూసి, "ఇది ఏ గోడకమ్మా, జైలుకా?" అన్నాడు.

అత్తయ్యా, నేను మూడేళ్ళు పెట్టుడు కళ్ళకు మెరుగు పెట్టాను. పదహారో ఏట కూర్చోబెట్టింది అమ్మ నన్ను ఆ మెరుగు చక్రం ముందు. ఎవరో వేసిన కళ్ళకు నేను నునుపు తేవడం. వేళ్ళ చివర చర్మం అరిగిపోయి ఫోన్ కూడా నా వేలిముద్ర పోల్చుకోవడం మానేసింది. కుంచె అడిగినప్పుడల్లా "ఇంకా టైముంది" అనేది. కాస్త తొందరపడితే చాలు, "గోడకి సున్నం కొడుతున్నావా, కన్నుకి మెరుగు పెడుతున్నావా?" ఆవిడ నోటి చలవ, ఇప్పుడు గోడలతోనే నా బతుకు.

ఒకే ఒక్కసారి వేయనిచ్చింది. ఆ లెక్కల మాస్టారి కన్ను. నాలుగు రోజులు తిండి సహించలేదు నాకు, అంత ఇష్టంగా వేశాను. అమ్మ దాన్ని మాస్టారి ముఖం పక్కన పట్టుకుని చూసింది, ఆయన ముందే చెత్తబుట్టలో పడేసింది. "నీకు నచ్చిన కన్ను వేశావు. ఆయన కన్ను వెయ్యలేదు" అంది. ఆ సాయంత్రమే కదా నేను సంచీ సర్దుకుంది.

మూడేళ్ళకు నాకు దొరకనిది ఆ పిల్లకు నాలుగు నెలలకే దొరికిందా? ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో అయితే నీ పక్కన అమ్మ ఉందనే అనిపిస్తుంది. ఉత్తరం రాయి. అబద్ధం మాత్రం రాయకు.

నీ పిచ్చుక


పని గది మీది అంతస్తు, నా గది,
జూన్ మూడో వారం

ఎగిరిపోయిన పిచ్చుకకు,

అబద్ధం రాయొద్దన్నావు. సరే, నిజమే రాస్తున్నాను, గుండె చిక్కబట్టుకుని చదువు. కుంచె ఇచ్చింది. కుంచె ఒక్కటే కాదు, కిటికీ పక్కన నీ స్టూలు కూడా ఇచ్చింది. నువ్వు జేబు కుట్టుకున్న ఆ నీలం ఏప్రాన్ కూడా ఇప్పుడు ఆ అమ్మాయి ఒంటి మీదే ఉంది. నేను అడ్డుపడదామనుకున్నాను. నన్నెవరు అడిగారు? ఈ ఇంట్లో నేను మైనం కరిగించి అచ్చులు పోసేదాన్ని, వచ్చేవాళ్ళకు వేళలు రాసేదాన్ని.

ఆ అమ్మాయి మన దగ్గరికి వచ్చింది పని కోసం కాదు. సీసాలు నింపే ఫ్యాక్టరీలో సీసా పగిలి ఎడమ కన్ను పోయింది. ఇరవై రెండేళ్ళు. కన్ను పెట్టించుకోవడానికి వచ్చి వదిన ఎదురుగా కూర్చుంది. అందరూ ఆ కుర్చీలో తలొంచుకుంటారు కదా, ఈ అమ్మాయి ఉన్న ఒక్క కన్నుతో కుంచెనే చూస్తూ, "మీరు నా కంట్లో పచ్చ వేస్తున్నారు, నాకు పచ్చ ఉందా?" అని అడిగింది. వదిన చెయ్యి ఆగిపోయింది. "ఉంది. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు" అంది. మరుసటి వారం నుంచి పనిలోకి వచ్చింది.

నేను పెట్టిన పేరు నిదానం. మెట్లెక్కడం నిదానం, మాట నిదానం, నవ్వు మరీ నిదానం. మనం ఏదైనా జోకు వేస్తే, పని కట్టేసి చేతులు కడుక్కునే వేళకు నవ్వుతుంది. కానీ ఏం వేస్తుందే! మనిషిని గంటసేపు ఊరికే చూస్తుంది, తర్వాత కుంచె తీస్తుంది. వదిన పక్కన నిలబడి "ఊఁ, ఊఁ" అంటుంటుంది. ఆ "ఊఁ" నీకెప్పుడైనా అన్నదా?

వదిన ఈ మధ్య కుంచె తక్కువే పడుతోంది. నిలబడి చూస్తోంది. సుఖపడనీ, ఎన్నాళ్ళు చేసింది!

నువ్వు బాధపడాలని కాదు, అడిగావు కాబట్టి రాశాను.

అత్త


రంగుల దుకాణం వెనక గది,
జూలై

అత్తయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కళ్ళు కుట్టడం అంటే ఊరికే మాట అనుకునేదాన్ని. నిజంగానే సూదులు గుచ్చినట్టుంది. ఆ ఏప్రాన్ జేబు నా పాత లంగా గుడ్డతో కుట్టాను. దాంట్లో ఆ పిల్ల చేతులు పెట్టుకుని నిలబడితే అమ్మ "ఊఁ" అంటుందా? బాగుంది, చాలా బాగుంది.

ఇక్కడ నేను పేరు తెచ్చుకున్నాను, తెలుసా? పాత గోడ పెచ్చు ఒకటి తెస్తే చాలు, యంత్రం కంటే ముందు నేను రంగు చెప్పేస్తాను. నిన్న ఒకావిడ తలుపు చెక్క ముక్క తెచ్చింది. కలిపి పూసి చూపిస్తే, ఏది పాతదో ఏది కొత్తదో ఆవిడకే తెలియలేదు. యజమాని చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు వింటూ నేను నిదానం గురించి ఆలోచిస్తున్నాను. నా సంతోషంలోకి కూడా ఆ పిల్ల చెప్పులేసుకుని వచ్చేస్తోంది.

దీంతో పాటు ఒక చిన్న డబ్బా పంపుతున్నాను. దూది విప్పి చూడు. నల్లగుడ్డు బిళ్ళ. నెల రోజులు మధ్యాహ్నం భోజనం వేళల్లో దుకాణం అద్దం ముందు కూర్చుని నా కన్నే చూసుకుంటూ వేశాను. తొమ్మిది పాడుచేసి పదోది పంపుతున్నాను. అమ్మకు చూపించు, ఎవరు వేశారో మాత్రం చెప్పకు. ఎవరో నేర్చుకునే అమ్మాయి అభిప్రాయం అడిగిందని చెప్పు. ఆవిడ ఏమంటుందో ఒక్క అక్షరం మార్చకుండా నాకు రాయి.

పిచ్చుక


నా గది,
ఆగస్టు

పిచ్చుకా,

చూపించాను. వదిన కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. "అందంగా ఉంది. కానీ ఇందులో మనిషి లేదు" అంది. తర్వాత దాన్ని నిదానం అరచేతిలో పెట్టి, "చూడు, ఎక్కడ తప్పిందో చెప్పు" అంది. ఆ అమ్మాయి చాలాసేపు చూసి, "దీన్ని వేసినవాళ్ళు తమను తాము దాచుకుంటున్నారు మేడం" అంది. ఒక్క అక్షరం మార్చొద్దన్నావు, మార్చలేదు.

నాకూ కోపం వచ్చిందే. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, నీ బిళ్ళకు మార్కులు వెయ్యడమా?

ఇంకో సంగతి చెబుతాను, నీ కడుపులోనే పెట్టుకో. కంటి ఆసుపత్రి నుంచి వచ్చే పని అంతా ఇప్పుడు నిదానమే చేస్తోంది. పెట్టెలో పెట్టే చీటీ మీద సంతకం మాత్రం వదినది. ఆసుపత్రి జాబితాలో ఉన్న పేరు వదినది ఒక్కటే కదా. ఆ అమ్మాయికి ఏ పత్రమూ లేదు. నీకు మూడేళ్ళ శిక్షణ రిజిస్టరులో ఉంది, దానికి అదీ లేదు. వాళ్ళకు తెలిస్తే ఊరుకోరు. ఎవరితోనూ అనకు.

ఈ వారం ఒక బస్సు కండక్టరు తన కూతుర్ని తెచ్చాడు. ఆరేళ్ళ పాప. కంట్లో గడ్డ లేచి కన్ను తీసేశారట. వచ్చే నెల పాపను మళ్ళీ స్కూలుకు పంపే లోపు కొత్త కన్ను పెట్టాలి. ఆ పాప నిదానం ఒళ్ళో నుంచి దిగడం లేదు.

అత్త


రంగుల దుకాణం వెనక గది,
ఆగస్టు చివర

అత్తయ్యకు,

నీ ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. దుకాణంలో పని ఎక్కువగా ఉంది, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను. ఇక్కడ ఎండ తగ్గింది.

బిళ్ళ గురించి అమ్మ చెప్పింది సరైనదే కావచ్చు. దాన్ని పారెయ్యి. నేను ఇక వెయ్యను.

ఒకరి పని మీద ఇంకొకరి సంతకం ఎన్నాళ్ళో నిలవదు కదా. ఊరికే అన్నాను.

ఉంటాను.


నా గది,
సెప్టెంబరు

పిచ్చుకా,

ఇంట్లో పొయ్యి వెలిగించి రెండు రోజులైంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ఆసుపత్రికి సంతకం లేని ఉత్తరం ఒకటి వెళ్ళింది. పెద్ద డాక్టరు వదినను పిలిపించాడు. నేనూ వెంట వెళ్ళాను. ఆయన మంచివాడే, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి ఉత్తరం చదివాడు. మీకు వస్తున్న కళ్ళు ఆవిడ వేసినవి కావు, చదువూ పత్రమూ లేని ఒంటికన్ను పిల్ల వేస్తోంది, కన్ను వెయ్యడమంటే గోడకి సున్నం కొట్టడం కాదని మీరైనా చెప్పండి, అని ఉంది అందులో. ఆ చివరి మాట దగ్గర వదిన తలెత్తింది. "ఇది నిజమేనా అమ్మా?" అని ఆయన అడిగితే, "నిజమే" అంది. పని ఆపేశారు. మన దగ్గరున్నవన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

కండక్టరు కూతురి కన్ను సగంలో ఉంది. నల్లగుడ్డు వేయడం అయింది, తెల్లగుడ్డు మీద జీరలు పరచలేదు, పైపూత పోయలేదు. స్కూలుకు వెళ్ళాల్సిన రోజు వచ్చేసింది. పాప కంటికి గుడ్డ కట్టుకునే వెళ్ళింది. మొదటి రోజే పిల్లలు దొంగ దొంగ అని వెంటపడ్డారట. రెండో రోజు వెళ్ళనంది. ఆ తండ్రి మన గుమ్మంలో నిలబడి, "ఏం తప్పు జరిగిందమ్మా, మా వల్లేమైనా...?" అని అడుగుతుంటే నేను లోపలికి వచ్చేశాను.

నీకు చెప్పకుండా దాచింది ఒకటుంది. వదిన కుడి చెయ్యి వణుకుతోంది. ఈ ఏడాదిది కాదు, రెండేళ్ళ నుంచి. నువ్వు చక్రం ముందు కూర్చుని కుంచె అడుగుతున్న రోజుల్లోనే మొదలైంది. నీకు తెలియనివ్వొద్దని ఒట్టు వేయించుకుంది. గ్లాసు ఎడమ చేత్తో పట్టుకోవడం నువ్వు గమనించలేదు. నిదానం గమనించింది. వచ్చిన మూడో వారమే ఏమీ అడగకుండా వదిన మణికట్టు కింద చిన్న దిండు పెట్టింది.

గోడ, సున్నం అన్న మాట ఎక్కడో విన్నట్టుంది నాకు. నీకేమైనా తెలిస్తే రాయి. తెలియకపోతే ఈ ఉత్తరం చింపెయ్యి.

అత్త


రంగుల దుకాణం వెనక గది,
సెప్టెంబరు

అత్తయ్యకు,

నేనే రాశాను.

భోజనం వేళలో కౌంటరు మీద, రంగుల పట్టిక వెనక్కి తిప్పి పెట్టుకుని ఎడమ చేత్తో రాశాను. రాస్తున్నంతసేపూ నా చెవులు వేడెక్కి ఎంత హాయిగా ఉందో చెబితే నువ్వు నన్ను మనిషిననుకోవు. పోస్టు పెట్టెలో వేసి, చెయ్యి బయటికి తీసేలోగా ఆ హాయి పోయింది. పెట్టెలోకి వేళ్ళు దూర్చి చూశాను. అందలేదు. ఇంకో ఉత్తరం, మొదటిది అబద్ధమని, రాద్దామనుకున్నాను. రాయలేదు. ఎందుకు రాయలేదంటే, అది అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజాన్ని రాయిలా విసరొచ్చని నాకు బాగా తెలుసు.

ఆ పాప సంగతి అప్పుడు నా బుర్రలో లేదు. నీ ఉత్తరంలో చదివాను, ఒళ్ళో నుంచి దిగడం లేదన్నావు. అదొక్కటే గుర్తుంది, అదీ మంటగానే గుర్తుంది. ఆరేళ్ళ పిల్ల మీద కూడా కుళ్ళుకున్నాను. స్కూలు మాట పట్టించుకోలేదు.

కానీ అత్తయ్యా, నన్ను తిట్టే ముందు ఒకటి చెప్పు. చెయ్యి వణుకుతోందని నాకెందుకు చెప్పలేదు? నేను కూతుర్నా, చక్రం తిప్పే జీతగత్తెనా? మూడేళ్ళు పక్కనే కూర్చున్నాను. ఆ దిండు నేను పెట్టాల్సింది. అది కూడా ఆ పిల్లే పెట్టింది! చూశావా, ఇంత జరిగాక కూడా నా ఏడుపు అక్కడే ఉంది. నాకు నేనంటేనే భయమేస్తోంది.

అమ్మకు చెప్పు. నాకు ధైర్యం లేదు.

పిచ్చుక


నా గది,
అక్టోబరు

నా పిచ్చుకకు,

నిన్ను తిట్టడానికి మూడు రోజులు మాటలు వెతికాను. వెతికేకొద్దీ నా చేతులకే మసి అంటింది. అందుకని ముందు నా సంగతి చెబుతాను.

పని గది పెట్టింది మా నాన్న, అంటే మీ తాతయ్య. ఆయన కూతుర్ని నేను. చిన్నప్పుడు బొమ్మల కళ్ళు వేసి ఆడుకునేదాన్ని. మీ నాన్న పెళ్ళై వదిన ఈ ఇంటికి వచ్చిన ఏడాదికి, నాన్న తన కుంచెలు తీసి వదిన చేతిలో పెట్టాడు. నాకు మైనం గిన్నె ఇచ్చాడు. "నీకు అచ్చులు బాగా వస్తాయమ్మా" అన్నాడు. ఎవరైనా మెచ్చుకుంటే ఏడుపొస్తుందని ఆ రోజే నేర్చుకున్నాను. మీ నాన్న పోయాక కూడా వదిన నన్ను చెల్లెలిలాగే చూసుకుంది. చూసుకున్నకొద్దీ నాకు మండేది. ముప్పై ఏళ్ళు అచ్చులు పోశాను, ఒక్క రోజు కూడా అది చల్లారలేదు.

నువ్వు వెళ్ళిపోయినప్పుడు వదినకు తగిన శాస్తి అయిందనుకున్నాను. నిదానం వచ్చాక నీకు రాసిన ప్రతి ఉత్తరంలోనూ పుండు ఎక్కడుందో చూసి అక్కడే కారం చల్లాను. స్టూలు గురించి, ఏప్రాన్ గురించి ఎవరు రాయమన్నారు నన్ను? సంతకం మాట ఎవరితోనూ అనకు అని రాసేటప్పుడు నా మనసు ఏం కోరుకుందో నాకు తెలుసు. నువ్వు అగ్గిపుల్ల గీశావు. ఎండుగడ్డి మోసుకొచ్చి పేర్చింది నేను.

బిళ్ళ విషయంలో సగమే రాశాను. మిగతా సగం ఇది. వదిన దూది విప్పగానే, "ఇది నా కూతురి కన్ను" అంది. నేను పేరు చెప్పనే లేదు. "అందంగా ఉంది, మనిషి లేదు" అన్న మాట నిజమే. ఆ తర్వాత, "చెయ్యి మాత్రం ఎంత నిలకడగా ఉందో చూడు. ఎదుటివాళ్ళను చూడటం వచ్చిన రోజున నా కంటే బాగా వేస్తుంది. వేళకు తింటోందా?" అంది. నిదానం అన్న మాట కూడా నీ మీద జాలితో అన్నది. బిళ్ళ వదిన సొరుగులో ఉంది. ఇదంతా రాయడానికి నాకు అప్పుడు చెయ్యి రాలేదు.

నీ సంగతి వదినకు చెప్పాను, నా సంగతీ చెప్పాను. నీ గురించి తెలుసంది. "ఆ గోడా సున్నం మాట నాదే. దాన్ని తిట్టడానికి రోజూ వాడేదాన్ని. ఇన్నాళ్ళూ దాని కడుపులో అలాగే ఉండిపోయింది" అంది. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుని, "నువ్వు అనుకుంటున్నావేమో, ఈ ఇంట్లో నువ్వొక్కదానివే కుళ్ళుకుంటావని. దాని చెయ్యి బండరాయిలా కదలదు. నాది ఆకులా ఊగుతోంది. పక్కన కూర్చుంటే చూడలేకపోయేదాన్ని. మాస్టారి కన్ను తప్పే. కానీ చెత్తబుట్టలో వెయ్యాల్సినంత తప్పు కాదు" అంది. నా గురించి ఒక్కటే అడిగింది, "ముప్పై ఏళ్ళా?" అని. నేను తలూపాను. లేచి వెళ్ళి మైనం గిన్నె కడిగిపెట్టింది. ఎప్పుడూ నేనే కడుగుతాను దాన్ని.

వచ్చే గురువారం డాక్టర్ల ముందు నిదానం కన్ను వెయ్యాలి. మనిషిని వాళ్ళే ఎంచుతారు. నీ గురించి ఆ అమ్మాయికీ చెప్పాం. వినేసి, తన అలవాటు ప్రకారం ఏమీ అనలేదు. ఎప్పుడంటుందో, ఏమంటుందో చూడాలి.

నీ అత్త, ఇంకా అలా పిలవాలనిపిస్తే


పని గది, కిటికీ పక్కన,
నవంబరు

పిచ్చుక గారికి,

మీ అసలు పేరుతో రాయాలంటే కొత్తగా ఉంది, ఇంట్లో అందరూ మిమ్మల్ని ఇలాగే తలుచుకుంటారు.

గురువారం సంగతి అత్తయ్యగారు రాస్తానన్నారు. నేనే రాస్తానని అడిగాను. వాళ్ళు ఒక ముసలి పడవ సరంగును ఎంచారు. నీళ్ళ మీద ఎండకు ఆయన కన్ను వెలిసిపోయింది, నల్లగుడ్డు చుట్టూ బూడిదరంగు వలయం. ఆయన ఒక చోట కూర్చునే మనిషి కాదు. వాళ్ళు మూడు గంటలిచ్చారు, నాకు నాలుగున్నర పట్టింది. ఇద్దరు డాక్టర్లు మధ్యలో లేచి వెళ్ళిపోయారు. మేడం గోడకు ఆనుకుని నిలబడే ఉన్నారు. అయ్యాక సరంగు రెండూ పక్కపక్కన చూసుకుని, "ఇది నాకంటే ముసలిదైందమ్మాయ్" అన్నాడు. పెద్ద డాక్టరు నవ్వాడు.

వాళ్ళు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. నేను ఏడాది పాటు వాళ్ళ శిక్షణ కేంద్రంలో చదివి పరీక్ష రాయాలి. అది వేరే ఊళ్ళో ఉంది. మేడం పేరు జాబితాలోంచి తీసేశారు. కానీ రిజిస్టరులో మూడేళ్ళ శిక్షణ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, మేడం పర్యవేక్షణలో వాళ్ళు వెయ్యొచ్చన్నారు. అలాంటివాళ్ళు మీరొక్కరే.

మీ మీద నాకు కోపం వచ్చింది. ఒంటికన్ను పిల్ల అన్నారు, అది మర్చిపోలేదు. ఫ్యాక్టరీలో కూడా అలాగే అనేవాళ్ళు. క్షమించానని రాస్తే అబద్ధమవుతుంది. కానీ ఒకటి మీకు తెలియాలి. మేడం నన్ను ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా తిట్టలేదు. తప్పు చేస్తే మెల్లగా "మళ్ళీ వెయ్యమ్మా" అంటారు, పొరుగింటి పిల్లతో అన్నట్టు. మిమ్మల్ని తలుచుకుంటే మాత్రం ముక్కు మీద కోపం వస్తుంది ఆవిడకు. "అది ఉంటే ఈ పాటికి తగువుపెట్టేది" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల ఏదో కలుక్కుమనేది.

సోమవారం వెళ్ళిపోతున్నాను. పాప కన్ను సగంలో ఉంది. డబ్బా మీద పాప ఫోటో అంటించాను. ఏప్రాన్ ఉతికి మేకుకు తగిలించాను.

నిదానం (పేరు మీ అత్తయ్యగారు పెట్టిందే, నాకూ నచ్చింది)


పని గది,
జనవరి

నిదానానికి,

నిన్ను "మీరు" అనడం నా వల్ల కాదు. ఇన్ని నెలలు మనసులో "అది, ఇది" అని తిట్టుకున్నదాన్ని, ఒక్కసారిగా మర్యాద ఎక్కడి నుంచి తేను? "నువ్వు" దగ్గర ఆగుతాను.

డిసెంబరు రెండో వారంలో ఇంటికి వచ్చాను. అమ్మ తలుపు తీసి, "చిక్కిపోయావు" అంది. నేను కాళ్ళ మీద పడదామని బస్సులో అనుకున్నవన్నీ మర్చిపోయి, "నువ్వేం తక్కువ తిన్నావా?" అన్నాను. ఇద్దరం నవ్వబోయి ఏడ్చాం. క్షమాపణ తర్వాత చెప్పాను, ఒకసారి కాదు. అమ్మ వింది. పరవాలేదు అనలేదు. ఆసుపత్రికి వెళ్ళి పెద్ద డాక్టరు ముందు కూడా ఒప్పుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇకపై సంతకం పెట్టి రాయండి" అన్నాడు. కండక్టరు గారికి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఆయన కాసేపు నా వైపు చూడలేదు. "పాప వారం రోజులు మంచం దిగలేదమ్మా" అన్నాడు.

అయినా కూతుర్ని తీసుకొచ్చాడు. ఇంకెక్కడికి తీసుకెళ్తాడు!

అమ్మ నన్ను మూడు రోజులు కుంచె ముట్టనివ్వలేదు. "పాపతో కూర్చో, చూడు" అంది. మొదటి రోజు నాకు పాప కన్ను గోధుమరంగులో కనిపించింది. రెండో రోజు పాప నాకు తన స్కూలు సంచీలోవన్నీ బయటికి తీసి చూపించింది, అరిగిపోయిన రబ్బరుతో సహా. మూడో రోజు ఆ గోధుమరంగులో కింది అంచున ఒక చిన్న నారింజ మచ్చ కనిపించింది. ఎగిరి గంతేసి నువ్వు వేసిన బిళ్ళ తీసి చూశాను, ఇది నీ కంట పడి ఉండదని. ఉంది. సరిగ్గా అక్కడే ఉంది.

ఇక నిజం చెబుతాను. నేను నీ బిళ్ళను పక్కనపడేసి మొదటి నుంచి వేశాను. పాప కోసం కాదు, నీ చెయ్యి ఆ కంట్లో ఉండకూడదని. ఎనిమిది రోజులు పట్టింది. నా బతుకులో అంత బాగా ఎప్పుడూ వెయ్యలేదు. అమ్మ వెనక నిలబడి "ఊఁ" అంది కూడా! రెండు బిళ్ళలూ పాప ముఖానికి చెరో పక్కనా పట్టి, పగటి వెలుగులో చూశాను. అమ్మ చూడలేదు, కావాలనే మైనం దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఇప్పుడు అత్తయ్య కుంచె పడుతోంది, అమ్మ అచ్చులు పోస్తోంది. వణికే చేతికి మైనం కోపగించుకోదట. అత్తయ్య మొదటి కన్ను వేసింది, గుడ్లగూబ కన్నులా వచ్చింది. ముగ్గురం పడీ పడీ నవ్వాం, అందరికంటే ఎక్కువ అత్తయ్యే నవ్వింది.

నాది బాగుంది. నీది పాప కన్ను.

ఆ తేడా చూసే కన్ను నాకు ఉండకపోతే ఎంత బాగుండేదో అనిపించింది. నీదే తీసుకున్నాను. దాని మీద ఎర్ర పట్టు దారం పీచు పరిచి జీరలు నేను వేశాను, పైపూత నేను పోశాను, మెరుగు నేను పెట్టాను. మెరుగు మాత్రం నీ తరం కాదు, చెబుతున్నాను.

నిన్న కన్ను పెట్టాం. పెట్టేటప్పుడు అమ్మా అత్తయ్యా బయట వరండాలో ఉన్నారు, గదిలో నేనూ పాపా కండక్టరు గారూ ముగ్గురమే. ఆయన కూతురి గడ్డం పట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. చివరికి నా వైపు తిరిగి, ఆ రోజు తర్వాత మొదటిసారి నా ముఖంలోకి చూసి, "మీరే వేశారా అమ్మా?" అని అడిగాడు.

అవునని నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరూ లేరు గదిలో. నువ్వు ఎక్కడో పరీక్షకు చదువుకుంటున్నావు, నీకు తెలిసేది కూడా కాదు. ఆయన చూపు అలాగే ఇంకొక్క క్షణం నా మీద ఉండాలనిపించింది.

"కాదండీ. మీ పాప ఎవరి ఒళ్ళో కూర్చునేదో, ఆ అక్క వేసింది. నేను పూర్తి చేశాను" అన్నాను.

"ఆ అమ్మాయా! నాకు తెలుసు!" అన్నాడాయన, అంత సంతోషంగా. పాప కూడా నీ పేరే అంది. నా కడుపు భగ్గుమంది. మండితే మండనీ అనుకుని పాపకు అద్దం పట్టుకున్నాను.

పిచ్చుక